ఆరేళ్ల పాపకి పాడింగ్టన్ సినిమా మిగతా సగం చూపించవచ్చా?

మా పాపకి ఆరేళ్లు. మొన్న ఆదివారం 2014లో వచ్చిన మొదటి పాడింగ్టన్ సినిమా పెట్టాను. పెరూ అడవి నుంచి లండన్ వచ్చిన, మాటలొచ్చిన ఎలుగుబంటి పిల్ల, మెడలో చీటీ, స్టేషన్లో చూసి ఇంటికి తీసుకెళ్లే బ్రౌన్ కుటుంబం. బాత్రూం అంతా నీళ్లు నిండిపోయే సీను నాలుగుసార్లు వెనక్కి తిప్పించింది! ఇంగ్లిష్ డైలాగులకి పక్కన కూర్చుని నేనే తెలుగు డబ్బింగ్ చెప్పాను, గొంతు పోయింది.

గొడవల్లా నికోల్ కిడ్‌మన్ పాత్రతో. జంతువుల్ని చంపి, లోపల కూరి మ్యూజియంలో బొమ్మల్లా నిలబెట్టే ఆవిడ. అప్పటికే భూకంపంలో పెద్ద ఎలుగుబంటి చనిపోయిందని పాప ఏడ్చింది, ఇక నాకు టెన్షన్ వచ్చి టీవీ కట్టేశాను. ఇప్పుడు రోజూ "ఎలుగుబంటిని ఏం చేశారమ్మా?" అని ఒకటే ప్రశ్న.

చూసినవాళ్లు చెప్పండి, చివర్లో మ్యూజియం సీన్లు ఈ వయసు పిల్లలు తట్టుకునేలా ఉంటాయా? ఎక్కడ ముందుకు జరపాలి? లేక నేరుగా 2017 నాటి రెండో భాగం పెట్టేయనా? అందులో పాపం దాన్ని జైల్లో వేస్తారట, అదీ ఏడిపిస్తుందేమో. తెలుగు డబ్బింగ్ ఎక్కడైనా దొరుకుతుందా?