కాంక్రీట్ డోమ్ ఇండ్లు ఎందుకు నడవలే? మన దిక్కు కట్టొచ్చా, వద్దా?

కాజీపేట సివిల్:
2024 డిసెంబర్ 4 పొద్దుగాల ములుగు దిక్కు 5.3 భూకంపం వచ్చి మన వరంగల్ల గూడ ఇండ్లు ఊగినయి గదా, అప్పటి సంది నాకు ఇదే ఆలోచన. ఇండోనేషియాల జోగ్జకర్త దగ్గర 2006 భూకంపంల ఊరు పోతే న్యూ న్గెలెపెన్ అని 71 డోమ్ ఇండ్లు కట్టిచ్చిండ్రు, ఒక్కోటి 7 మీటర్ల వ్యాసం. లెక్కేస్తే అడుగు జాగ 414 చదరపు అడుగులు, మన ఇందిరమ్మ ఇల్లు కనీసం 400. గా జాగను సగం గోళంతోని కప్పితే గుమ్మటం కాంక్రీట్ పొర మొత్తం 77 చదరపు మీటర్లు అయితది, అదే చదరం ఇల్లయితే 3 మీటర్ల గోడలు, స్లాబ్ కలిపి 113. సిమెంట్ మిగుల్తది, సలాక మిగుల్తది, మరి 80 ఏండ్ల సంది ఉన్న పద్ధతి జనంల ఎందుకు పాతుకపోలే? నేనైతే కట్టాలనే అంటున్న.

పరకాల మేస్త్రి:
తమ్మీ, లెక్క మంచిగనే ఉంది గని గుండ్రంగ సెంట్రింగ్ ఎవరు కొడ్తరు? చెక్కలన్నీ ముక్కలు ముక్కలు కొయ్యాలె, మిగిలిన సిమెంట్ పైసలు కూలికే పోతయి. ఇంకోటి, డోమ్ అడుగున బయటికి తన్నుతది, చుట్టూ రింగ్ బీమ్, అంటే అడుగున గుండ్రంగ పోసే సలాకల కాంక్రీట్ పట్టీ, గట్టిగ లేకపోతే పగుళ్ళు నిలువుగ పైకి పాకుతయి. స్లాబ్ పోసినోళ్ళందరూ ఈ పని చెయ్యలేరు.

కాజీపేట సివిల్:
సెంట్రింగ్ వద్దనే గదన్నా ఈ కథంత మొదలైంది. అమెరికాల వాలెస్ నెఫ్ అనే ఆర్కిటెక్ట్ 1941ల వర్జీనియాల ఫాల్స్ చర్చ్ కాడ బుడగ ఇండ్లు కట్టిండు, యుద్ధం టైంల కట్టెకు కరువు. గుడ్‌ఇయర్ కంపెనీ చేసిన పెద్ద బెలూన్ల గాలి నింపుడు, దానిమీద జాలీ కప్పి కాంక్రీట్ పిచికారీ కొట్టుడు, గట్టిపడ్డంక గాలి తీసి బెలూన్ను తలుపుల నుంచి బయటికి గుంజుడు. ఇటలీల డాంటే బినీ 1964ల ఇంకో అడుగు ముందుకు పోయిండు, తడి కాంక్రీట్ నేలమీదనే పరిచి కింద గాలి కొడ్తే పూరీ పొంగినట్టు గంటల పైకి లేసింది.

మడికొండ పాఠకుడు:
బినీ పేరు తీసినవు గాబట్టి మిగతాది గూడ చెప్పాలె. 1970లల్ల ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్ల ఆ పద్ధతితోని స్కూళ్ళకు డోమ్‌లు కట్టిండ్రు, 1986ల సిడ్నీ దిక్కు ఒక హైస్కూల్ డోమ్ కూలింది. తడి కాంక్రీట్ లేస్తున్నప్పుడు సలాక జరిగినా, ఒకదిక్కు మందం తగ్గినా పైనుంచి చూస్తే తెల్వదు. పిల్లలు కూసునే జాగల గసొంటి ప్రయోగమా? నాకు ఇది చదివినప్పుడు నిజంగ భయమైంది.

జనగామ అక్క:
మీరందరు కట్టుడు గురించే మాట్లాడుతున్నరు, ఉండుడు గురించి ఒక్కరన్న అడుగుతలేరు. నెఫ్ పద్ధతిల సెనెగల్ దేశం డాకర్ల 1950 అటు ఇటు 1200 దాకా బుడగ ఇండ్లు కట్టిండ్రు. కుటుంబాలు పెరిగినంక చుట్టూ మామూలు గదులు కట్టుకుంట పోయిండ్రు, జాగ రేటు పెరిగినంక మస్తు బుడగలు కూలగొట్టి అంతస్తులు లేపిండ్రు. ఫాల్స్ చర్చ్ ఇండ్లు గూడ 1961ల కూలగొట్టిండ్రు, బలం లేక కాదు. మన దిక్కు ఇల్లు అంటే ఏంది, కింద కట్టి పిల్లర్లకు సలాకలు పైకి వదిలిపెడ్తం, కొడుకు పెండ్లయినంక పైన ఇంకో పోర్షన్. డోమ్ మీద పోర్షన్ ఎట్ల లేస్తది? బీరువా గోడకు ఆనదు, ఈశాన్యం మూల యాడుందని మా అత్తమ్మ అడుగుతది, మిద్దె లేకపోతే వడియాలు, మిరపకాయలు యాడ ఆరబోయాలె? మే నెలల వట్టి కాంక్రీట్ గుమ్మటం కింద పండుకుంటే రాత్రి పన్నెండు దాకా వేడి దిగదు, గుండ్రని గోడకు మాట తగిలి మళ్ళీ మనకే వస్తది.

కాజీపేట సివిల్:
వేడికి జవాబు ఉందక్కా. అమెరికా ఐడహోల డేవిడ్ సౌత్, ఆయన తమ్ముండ్లు 1975ల మార్చిండ్రు. బెలూన్ బట్ట బయటనే ఉంటది, లోపలి నుంచి దానికి ఫోమ్ కొడ్తరు, దాని లోపల సలాకలు, కాంక్రీట్. ఎండ ముందుగల ఫోమ్‌కు తగుల్తది, కాంక్రీట్‌కు కాదు. మా స్లాబ్ ఇండ్లల్ల ఈ సుఖం లేదు గదా.

జనగామ అక్క:
మరి గా సౌత్ మొదలు కట్టింది ఏంది చెప్పు. ఇల్లు కాదు, ఆలుగడ్డల గోదాం, 105 అడుగుల వ్యాసం. ఎండ రానియ్యకుండ సరుకును చల్లగ ఉంచెటందుకే. మన ఎనుమాముల మార్కెట్ చుట్టూ మిర్చికి కోల్డ్ స్టోరేజీలు ఎన్ని ఉన్నయో నీకు తెల్సు. గోదాం మీద ఎవడూ పోర్షన్ కట్టడు, మిర్చి బస్తా ఈశాన్యం అడగదు. పైసలున్న కోల్డ్ స్టోరేజీ ఓనర్లతోని ముందుగల గసొంటి డోమ్ గోదాం కట్టియ్యుండ్రి. గరీబోని 5 లక్షల ఇందిరమ్మ ఇంటిమీద ప్రయోగం చెయ్యొద్దు, వాని జన్మల అదొక్కటే ఇల్లు.

పరకాల మేస్త్రి:
అక్క చెప్పింది కరెక్ట్. గోదాం అయితే నేను గూడ పని నేర్చుకోనీకె వస్త, పిచికారీ మిషిన్ కిరాయికి యాడ దొరుకుతదో ఎవరన్న చెప్పుండ్రి.

కాజీపేట సివిల్:
గోదాం కట్టుండ్రి, నాకు గూడ సంతోషమే. గని న్యూ న్గెలెపెన్ల ఉన్నోళ్ళు గూడ గరీబోళ్ళే అక్కా, భూకంపంల ఇండ్లు పోయినోళ్ళు. పిల్లలు పట్నం పోయి ముసలోళ్ళు ఇద్దరే మిగిలిన ఇండ్లు మన ఊర్లల్ల మస్తుగున్నయి, వాళ్ళకు పైన పోర్షన్ పంచాయితీ లేదు. వాళ్ళల్ల ఒప్పుకున్నోళ్ళకు ఒక్కటన్న కట్టి రెండు ఎండకాలాలు చూడాలె, లోపల థర్మామీటర్ పెట్టి పక్క స్లాబ్ ఇంటితోని పోల్చాలె.