స్కైలాబ్ ‘శ’కలాలా, ‘స’కలాలా?

దేవరకొండ ఆడబిడ్డ:
అమ్మ పెళ్ళినాటి ఇనుప సందుగ అడుగున పరిచిన పాత పేపరు నిన్న బయటపడింది. 1979 జూలై 12, గురువారం. మొదటి పేజీ సగమే మిగిలింది. పైన పెద్దక్షరాల్లో ‘స్కైలాబ్’ (అప్పట్లో భూమ్మీద కూలిన అమెరికా అంతరిక్ష కేంద్రం), తర్వాత ఒక అక్షరం చిరిగిపోయి ‘కలాలు’. మిగతా వాక్యం లేదు. దాని పక్కనే మొరార్జీ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వార్త. మధ్య గీత చెరిగిపోయింది కాబట్టి మా బాబు రెండు శీర్షికలూ కలిపి ‘స్కైలాబ్‌పై అవిశ్వాసం’ అని ఒక్క గుక్కలో చదివాడు. ఇంటిల్లిపాదీ నవ్వాం.

నన్ను పీకుతున్నది మాత్రం ఆ చిరిగిన అక్షరం. నేను ‘శకలాలు’ అన్నాను. అమ్మ ఒప్పుకోదు. "సకలాలు అనే రాసిండ్రు. నేనే సదివి మీ నాయనకు చెప్పిన" అంటోంది. అలా అచ్చయి ఉంటుందా?

పాలమూరు తెలుగు సార్:
శకలాలే, అనుమానం అక్కర్లేదమ్మా. అమరకోశంలో ముక్కకు పేర్లు చెప్తూ ‘భిత్తం శకలఖండే వా’ అని ఎక్కడొస్తుందో గుర్తు చేసుకోండి. చంద్రుడి పేర్లు చెప్పి, వెన్నెల పేర్లు మొదలుపెట్టే ముందు! అంటే శకలం ఆకాశం మాట. ఆ శీర్షిక పెట్టినాయనకు అమరం నోటికొచ్చి ఉంటుందని నా నమ్మకం.

మిర్యాలగూడ అన్న:
సార్, ఆకాశం మాట అనడం ఎక్కువవుతుంది. చంద్రుడి కళలు, బింబం చెప్పాక ముక్కకున్న పేర్లు కూడా ఆ వరసలోనే చెప్పేశాడు, అంతే. మీరు వదిలేసిన పై పాదంలో ‘కలా తు షోడశో భాగః’ ఉంది, పదహారో వంతు కళ అని. కళలన్నీ ఉన్నది సకలం. అంటే నిండు చంద్రుడు సకలం, విరిగిన ముక్క శకలం. ఒక్క అక్షరంలో పున్నమికీ నెలవంకకూ ఉన్నంత తేడా. ఇప్పుడు అక్క వాళ్ళ అమ్మగారి మాట చూడండి. ఆ రాత్రి జనం భయపడింది ముక్కలకు కాదు. 77 టన్నులదీ గంపగుత్తగా మన ఇంటి మీదే పడుతుందని! వాళ్ళ భయానికి ‘సకలం’ అన్నదే సరైన మాట.

పాలమూరు తెలుగు సార్:
భావం బాగుంది తమ్ముడూ, కానీ ‘సకలాలు’ అనే బహువచనాన్ని ఎక్కడైనా చూశావా? సకల జనులు, సకల సంపదలు అంటాం. ఉన్నదంతా సకలమైతే ఇంకొకటి ఎక్కడినుంచి వస్తుంది?

నల్లగొండ కంపోజిటర్:
నేను ముప్పై ఏళ్ళు చేత్తో అచ్చులు పేర్చినవాడిని. అర్థాలు మీరు చూసుకోండి, నేను అచ్చులుండే పెట్టె, అదే కేసు, సంగతి చెప్తాను. మా ప్రెస్సులో అందరికంటే ముందు అరిగేది ‘శ’. శుభలేఖ, శుభముహూర్తం, శనివారం, శ్రావణం అన్నీ దాని మీదే. పెళ్ళిళ్ళ సీజను దాటాక పెద్ద సైజు ‘శ’ మంచిది ఒక్కటి దొరికితే గొప్ప. అది లేనప్పుడు ‘స’ పెట్టి గేలీ (దిద్దడానికి తీసే నకలు) తీసిన రోజులున్నాయి, ప్రూఫులో ఎవరూ పట్టుకోలేదు. జూలై అంటే ఆ సీజను దాటినట్టే. అమ్మగారిని తేలిగ్గా కొట్టిపారేయకండి.

ఇంకోటి. స్కైలాబ్ పడింది 11 రాత్రి, మన టైం పది దాటాక. జిల్లాకు బస్సులో రావాల్సిన పేపరైతే అప్పటికి పేజీలు పేర్చి ఫారాలు బిగించేసి ఉంటారు. కాబట్టి అది ‘పడ్డాయి’ అనే వార్త అయ్యుండదు, ‘ఎక్కడ పడతాయో’ అనే వార్త.

గద్వాల ఉర్దూ మీడియం:
మా నాయన చదువంతా ఉర్దూలోనే. ఆయన ‘శకలాలు’ విని "షకల్ ఎట్లుంటదట దానిది?" అని అడిగాడట, ఉర్దూలో షకల్ అంటే ముఖం కదా. మా ఇంట్లో ఇప్పటికీ ముఖం మాడ్చుకున్నవాళ్ళను "ఏందిరా స్కైలాబు షకల్" అంటాం. ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి.

అచ్చంపేట అక్క:
శకలమూ వద్దు, సకలమూ వద్దు. మా ఊళ్ళో అన్నది ‘తునకలు’. ఎట్లాగూ పోతాం కదా అని ఆ వారంలో కోళ్ళు, మేకలు ఎన్ని తెగాయో! పైన స్కైలాబు తునకలు, కింద గిన్నెలో తునకలు. తీరా అది హిందూ మహాసముద్రంలో కొంత, ఆస్ట్రేలియాలో కొంత పడింది. అక్కడి ఎస్పెరాన్స్ ఊరివాళ్ళు చెత్త వేసినందుకు అమెరికావాళ్ళకు 400 డాలర్ల జరిమానా రాశారు. మన మేకల లెక్క మాత్రం ఎవరూ రాయలేదు.

ఆ రాత్రి మా తాత వాకిట్లో మంచమేసుకుని పోతన పద్యాలు చదివాడట. ‘లోకంబులు లోకేశులు లోకస్థులు తెగిన తుది’ దగ్గరికి రాగానే మా నాయనమ్మ "ఆ తెగుడు పద్యం ఇయ్యాల వద్దు" అని ఆపేసిందట.

పాలమూరు తెలుగు సార్:
ఆహా, మీ నాయనమ్మ మంచి చోట ఆపింది! ‘తెగిన’ అంటే చాలామంది నశించిన అని సరిపెట్టుకుంటారు. నాకు మాత్రం అక్కడ దారం తెగిన చప్పుడు వినిపిస్తుంది. గజేంద్రుడి ఆశలన్నీ ఒక్కొక్కటిగా తెగి, ఆఖరి పోగు మిగిలిన చోటు అది.

మిర్యాలగూడ అన్న:
తెగడానికి చావు అనే అర్థం కూడా ఉంది కదా సార్. లోకాలు, లోకేశులు, లోకస్థులు, ఇన్ని పోతున్నప్పుడు దారం సరిపోదు. నన్నడిగితే ఆ పద్యం ప్రాణం ‘పెంజీకటి’లో ఉంది. పెను, చీకటి కలిసినప్పుడు పుట్టిన ఆ ‘జ’ దగ్గర గొంతు దానంతటదే బరువెక్కుతుంది. వాకిట్లో పడుకుని ఆకాశం చూస్తూ వినాల్సిన అక్షరం అది.

పాలమూరు తెలుగు సార్:
‘జ’ సంగతి ఒప్పుకుంటాను. ‘తెగిన’ దగ్గర ఒప్పుకోను.

దేవరకొండ ఆడబిడ్డ:
నా పేపరు ముక్క సంగతి మళ్ళీ ఒకసారి. భూతద్దం పెట్టి చూశాను. చిరిగిన చోట తలకట్టు కొస ఒక్కటే మిగిలింది.

నల్లగొండ కంపోజిటర్:
‘శ’కూ ‘స’కూ తలకట్టు ఒకటే అమ్మా. దాంతో తేలదు. ఊడిన ముక్క సందుగ అడుగుకే అంటుకుని ఉంటుంది. తడిగుడ్డ వేసి ఒక గంట ఆగండి, గోరుతో గీకకండి.

దేవరకొండ ఆడబిడ్డ:
అమ్మ పట్టుచీర మళ్ళీ అందులోనే పెట్టి తాళం వేసింది. "సకలాలే అని చెప్పిన కదా" అంటూ తాళంచెవి కొంగుకు ముడేసుకుంది.