అప్‌డేట్: అద్దె కారులో ఉండిపోయిన అమ్మ వినికిడి మిషన్లు దొరికాయి

అరకు వెళ్లొచ్చి వైజాగ్‌లో సెల్ఫ్‌డ్రైవ్ కారు అప్పగించాక, అమ్మ వినికిడి మిషన్ల పౌచ్ అందులోనే ఉండిపోయిందని ఇక్కడ అడిగాను కదా. దొరికింది! సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

కారు తిరిగిచ్చేటప్పుడు యాప్‌లో పెట్టిన లోపలి ఫొటోలు జూమ్ చేసి చూడమన్నారు చూడండి, అదే పనిచేసింది. డ్రైవర్ పక్క సీటుకూ హ్యాండ్‌బ్రేక్‌కూ మధ్య సందులో పౌచ్ తాడు కొస నల్లగా కనిపించింది. కస్టమర్ కేర్ వాళ్లు అప్పటికే "ఏమీ లేదండీ" అని నా ఫిర్యాదు టికెట్ మూసేశారు. వాళ్లతో మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేక ఆ ఫొటో, కారు నంబరు పట్టుకుని నేరుగా యార్డుకే వెళ్లాను. కారు కడిగే కుర్రాడు సీటు పూర్తిగా ముందుకు జరిపి వెనక నుంచి టార్చి వేస్తే, సీటు పట్టాల మధ్య ఇరుక్కుని ఉంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో జారి ఉంటుంది.

పోలీసు కంప్లయింట్ అవసరం పడలేదు. బ్లూటూత్‌తో వెతకడం కుదరలేదు, ఇవి పాత మోడల్. మిషన్లు బాగానే ఉన్నాయి గానీ బ్యాటరీలు అయిపోయాయి. ఇవి జింక్-ఎయిర్ రకం, అంటే గాలి తగిలితే పనిచేసేవి; స్టిక్కర్ ఒకసారి పీకితే, వాడకపోయినా ఖర్చయిపోతాయి. గోధుమరంగు స్టిక్కరుండే 312 సైజువి కొత్తవి వేశాం.