సమస్యాపూరణం: ఉన్న దెల్లఁ బోయె నొకటి చేర

నిర్వాహకుడు (బ్రహ్మపురం):
నిన్న రాత్రి నా లినక్స్ కంప్యూటరులో తాతగారి ఉత్తరాల స్కాన్లున్న ఫోల్డరు మీదనే కొత్త హార్డుడిస్కును మౌంట్ చేసి (అంటే ఆ ఫోల్డరు ద్వారా తెరుచుకునేలా తగిలించి), ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండు కొట్టి చూడగా ఒక్క ఫైలూ కనబడక కాసేపు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ గాభరాలో పుట్టిన పాదం ఇది. పూరణలు మౌంటింగు దాటిపోకుండా ఉండాలని మనవి.

"ఉన్న దెల్లఁ బోయె నొకటి చేర"

నాగావళి (రాయగడ):

ఖాళి గాని చోటఁ గదియింప డిస్కును
పాత బొమ్మలన్ని పైకి రావు
దింపి చూచువఱకు దిగులు పోదాయెను
ఉన్న దెల్లఁ బోయె నొకటి చేర

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
నాగావళి గారూ, పాత ఫైళ్లు చెరిగిపోలేదనీ, కొత్త డిస్కు చాటున దాగి ఉన్నాయనీ "దింపి చూచువఱకు" అన్న ఒక్క మాటతో తేల్చారు. అది మీకే చేతనైన పని. అయితే "పోదాయెను" తరువాత "ఉన్న" అని అచ్చుతో మొదలుపెట్టడం విసంధి (సంధి చేయవలసిన చోట విడదీసే దోషం) కాదా? "ఖాళీ" దీర్ఘాన్ని కుదించడం మరొక లోపం. గత నెల, యంత్రం లేచేటప్పుడు ఏ డిస్కు ఎక్కడ ఎక్కాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు మీద మీరు రాసిన పద్యంలో ఆరు గడులనూ వరుస తప్పకుండా చెప్పి, డిస్కు లేకున్నా ఆగవద్దని చెప్పే నోఫెయిల్‌ను మాత్రం విడిచారు. ఆ పద్యాన్ని నమ్మి వరుస రాసుకున్న నేను డ్రైవు తగిలించకుండా యంత్రాన్ని లేపితే, అది 90 సెకన్లు ఎదురుచూసి మరమ్మతుకు మాత్రమే పనికొచ్చే ఎమర్జెన్సీ మోడ్‌లోకి దిగింది. ఆనాడు చెప్పలేకపోయాను, ఈనాడు చెబుతున్నాను.

నాగావళి (రాయగడ):
విసంధిని ఒప్పుకుంటున్నాను. మూడవ పాదాన్ని "దింపి చూచువఱకు దిగులు తీరక యుండె" అని మార్చి, నాలుగవ దానిని "నున్న దెల్ల" అని చదువుకోండి. నోఫెయిల్ మాట కూడా నిజమే, ఆ వరుసను నేనే సరిదిద్దుకోవలసింది. కానీ "ఖాళి" విషయంలో వెనక్కి తగ్గను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి రాసే మీకు జనం నోటి హ్రస్వం తప్పుగా తోచడం నాకు బాధ కలిగించింది. ఇక మీ పూరణ చూపించండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ఆజ్ఞలో నకార మక్కటా చేర్చితి
దిగిన దనుచుఁ దలఁచి తీసినాను
అచటి వ్రాత ముగియ దయ్యయో పరికింప
నున్న దెల్లఁ బోయె నొకటి చేర

వంశధార (గుణుపురం):
"ఒకటి" అంటే డిస్కు కాదు, ఒక అక్షరం! డిస్కును దింపడానికి యూమౌంట్ (umount) అని కొట్టవలసిన చోట మధ్యలో ఒక ఎన్ చేర్చి అన్‌మౌంట్ (unmount) అని కొడితే, అలాంటి కమాండే లేదని కమాండ్లు అందుకునే షెల్ చెప్పేస్తుంది. డిస్కు ఎక్కిన చోటనే ఉంటుంది. ఆ జవాబు చదవకుండా డ్రైవు పీకితే జరిగేదే ఈ పద్యం. ఈ మలుపు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. కానీ ఒకే పద్యంలో "అక్కటా", "అయ్యయో" రెండూ యతి కోసమే వచ్చాయి. పైగా "ఉన్న దెల్ల" పోదు: లినక్స్ మార్పులను ముందు మెమరీలో ఉంచి, సాధారణ అమరికలో 30 సెకన్లు పాతబడిన వాటిని డిస్కుకు పంపుతుంది కనుక, సింక్ కాని (అంటే ఇంకా డిస్కుకు చేరని) చివరి రాతలే పోతాయి, ఫైల్‌సిస్టమ్ దెబ్బతింటే తప్ప మిగిలినవి భద్రం. నా ప్రయత్నం ఇది.

సర్వ రందకున్న సంచిలో దాఁచితి
రాత్రి వ్రాసికొన్న ప్రతుల నెల్లఁ
దెల్లవాఱి చూడఁ దిక్కు తోఁచక యుంటి
నున్న దెల్లఁ బోయె నొకటి చేర

నిర్వాహకుడు (బ్రహ్మపురం):
వంశధార గారి పూరణ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నెట్‌వర్క్ షేరు (సర్వరులో ఉండి మన ఫోల్డరు మీద మౌంట్ అయ్యే నిల్వ) ఎక్కని రాత్రి బ్యాకప్ స్క్రిప్టు అదే పేరున్న స్థానిక ఫోల్డరులో ప్రతులన్నీ పోసింది. తెల్లవారి షేరు వచ్చి మీద కూర్చోగానే అవి దాని కిందికి వెళ్లాయి. నా స్క్రిప్టుకూ ఇదే గతి పట్టి, లోపలి డిస్కు నిండిపోయినా కారణం నాకు అంతుపట్టలేదు. కాపీ మొదలుకాకముందే మౌంట్‌పాయింట్ కమాండుతో ఆ చోటును అడిగితే, ఎక్కిందో లేదో అదే చెబుతుంది. కింద దాగినవాటిని షేరు దింపకుండానే చూడాలంటే, రూట్‌ను (అన్నిటికీ పైనుండే మూల ఫోల్డరును) మరొక ఖాళీ ఫోల్డరు మీద బైండ్ మౌంట్ చేస్తే, అంటే అదే ఫోల్డరు రెండవ చోటా కనబడేలా చేస్తే చాలు. తాతగారి ఉత్తరాలను నేను అలాగే చూసుకున్నాను, ఒక్కటీ పోలేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
"సర్వ రందకున్న" అని ఇంగ్లీషు మాటకు ఉకార సంధి చేసిన తీరు ముచ్చటగా ఉంది. నా ఊతపదాల మాట నిజమే, అయితే యతికి వేరే మాట తట్టడం లేదు.

నాగావళి (రాయగడ):
మొదటి పాదాన్ని "ఆజ్ఞలో నకార మదనంగఁ జేర్చితి" అని మార్చండి. యతి నిలుస్తుంది, అక్షరం ఎక్కువైందన్న అర్థమూ వస్తుంది. "అయ్యయో" ఉండనివ్వండి, డ్రైవు పీకిన చోట అది న్యాయమే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మార్చాను, నాగావళి గారూ. ఇకపై "ఖాళి" గురించి మాట్లాడను.