అలాస్కా క్రూజ్: పెద్ద క్యాబిన్‌కి ఇంకో 1,450 డాలర్లు పెట్టాలా?

బెల్‌వ్యూ_బాబు:
అందరికీ నమస్తే. ఆగస్టులో సియాటిల్ నుంచి 7 రాత్రుల అలాస్కా బుక్ చేశాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప, హైదరాబాద్ నుంచి వస్తున్న అమ్మానాన్న. ఎదురెదురుగా రెండు ఇన్‌సైడ్ క్యాబిన్లు, కిటికీ ఉండదు, ఒక్కోటి 160 చదరపు అడుగులు. నిన్న మెయిల్ వచ్చింది, ఇంకో 1,450 డాలర్లు కడితే అందులో ఒకదాన్ని మినీ సూట్ చేస్తారట. బాల్కనీతో కలిపి 320 అడుగులు, సోఫా, బాత్‌టబ్. గురువారం లోపు చెప్పాలి. మా ఆవిడేమో "పడుకోవడానికి అంత డబ్బా, దాంతో అలాస్కా రాజధాని జూనోలో హెలికాప్టర్ ఎక్కుదాం" అంటోంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అమ్మకి కొత్తచోట నిద్ర పట్టదు. నేను అడిగేది మూడే. పెద్ద గది తేడా నిజంగా తెలుస్తుందా? ఏ డెక్ (షిప్‌లో అంతస్తు) మంచిది? ఆ చలిలో బాల్కనీలో కూర్చోగలమా?

క్రూజ్_కింగ్_14:
ఇప్పటికి 14 క్రూజులు చేశాను, అందులో 11 ఇన్‌సైడే, కాబట్టి నా మాట వినండి. గదికి డబ్బు పోసేవాళ్లకి క్రూజ్ అంటే ఏంటో తెలియదు. పొద్దున్నే బఫే, పగలు ఊరు, రాత్రి షో, గదిలో ఉండేది స్నానానికీ నిద్రకీ. చీకటిగా ఉంటుందని ఏడుస్తారు, టీవీలో షిప్ ముందు కెమెరా చూపించే ఛానల్ ఉంటుంది, సౌండ్ తీసేసి రాత్రంతా పెట్టుకోండి, అదే మీ కిటికీ. గ్లేసియర్ (మంచు నది) దగ్గర షిప్ ఆగి నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది, పై డెక్ మీద నిలబడితే రెండు వైపులా కనిపిస్తుంది. బాల్కనీ వాడికి తన వంతు వచ్చినప్పుడే. వద్దని చెప్పేయండి.

ప్లేనో_పిన్ని:
గది సంగతి తర్వాత, బాత్‌రూమ్ గురించి ఎవరూ చెప్పరేం? మామూలు క్యాబిన్‌లో షవర్ అంటే టెలిఫోన్ బూత్. తలుపు ఉండదు, గుడ్డ కర్టెన్, నీళ్లు వదలగానే అది వచ్చి ఒంటికి అతుక్కుంటుంది. మా అత్తగారు మొదటి రోజే "ఇదేం స్నానమే, శవానికి గుడ్డ చుట్టినట్టుంది" అన్నారు. ఇంకోటి, బాత్‌రూమ్ గుమ్మం నాలుగైదు అంగుళాలు ఎత్తుంటుంది, నీళ్లు గదిలోకి రాకుండా. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన రాత్రి రెండింటికి నిద్రకళ్లతో అది దాటాలి. మా మామగారు కాలు తట్టుకుని పడబోయారు. బాబూ, 320 అడుగుల గదిలోనూ ఆ గుమ్మం అంతే ఎత్తు ఉంటుంది, బాత్‌టబ్ అయితే ఇంకా ఎత్తు దాటి దిగాలి, మీ నాన్నగారికి అది శిక్షే. చిన్న నైట్ ల్యాంప్, ఒక ప్లాస్టిక్ మగ్గు మర్చిపోకండి. మగ్గు షిప్‌లో దొరకదు.

సూర్యాపేట_టు_శాన్‌హోజే:
మగ్గు 😂 పిన్ని గారూ వంద శాతం నిజం.

పెద్దకొడుకు:
బాబు గారూ, మీరు అసలు మాట రాయలేదు. రెండు గదుల్లో ఒకటే మారుతుంది కదా. ఆ మినీ సూట్‌లో ఉండేది ఎవరు?

బెల్‌వ్యూ_బాబు:
మేం ముగ్గురం అనుకున్నాం, పాపకి సోఫా బెడ్ ఉంటుందని. అమ్మావాళ్లు పగలంతా మా గదిలోనే కూర్చుంటారు ఎలాగూ.

పెద్దకొడుకు:
అదే అనుకున్నా. 70 ఏళ్ల వాళ్లని కిటికీ లేని డబ్బాలో పెట్టి మీరు బాల్కనీలో కాఫీ. వాళ్లు నోరు తెరిచి అడగరు, "మాకెందుకు నాయనా, మీరు ఉండండి" అంటారు, అంతే. నేను 2019లో ఇదే పని చేశాను. మా నాన్న చివరి ట్రిప్ అది. ఇంతకంటే రాయను.

క్రూజ్_కింగ్_14:
సెంటిమెంట్ వేరు, లెక్క వేరు సార్. ఇన్‌సైడ్ డబ్బా కాదు, కడుపులో చల్ల కదలకుండా నిద్రపట్టే గది. పైగా మినీ సూట్లు ఎక్కువగా పై డెక్కుల్లో ఉంటాయి, ఎంత పైకి పోతే అంత ఊగుతుంది. సియాటిల్ షిప్పులు వాంకూవర్ ద్వీపానికి పడమటి వైపు నుంచి, అంటే ఓపెన్ పసిఫిక్‌లో వెళ్తాయి. వాంకూవర్‌లో ఎక్కితే ద్వీపానికి లోపలి వైపు నుంచి పోతుంది, చెరువులో పడవలాగా. కాబట్టి సియాటిల్ వాళ్లకి కింద డెక్, షిప్ మధ్యలో, ఇది కొట్టి చెప్తున్నా.

ప్లేనో_పిన్ని:
పెద్దాయన గురించి రాస్తే లెక్క అంటారేమండీ. కొంచెం చూసి మాట్లాడండి.

గుంటూరు_ఘాటు:
మేము అమ్మావాళ్లకే బాల్కనీ ఇచ్చాం, విని నవ్వుకోండి. అమ్మ "గాలి కొడుతుంది" అని వారం రోజులు కర్టెన్ తీయలేదు. నాన్న మాత్రం రోజూ పొద్దున పంచె ఉతికి బాల్కనీ కమ్మీకి ఆరేశాడు. మూడో రోజు గది సర్దే స్టీవార్డ్ వచ్చి, రెయిలింగ్ మీద బట్టలు వేయకూడదు, గాలికి ఎగిరి పక్క బాల్కనీలో పడతాయి అని మర్యాదగా చెప్పి వెళ్లాడు. నాన్న "మనం డబ్బు కట్టిన బాల్కనీయే కదా" అని వాదన. తర్వాత నేను ఐస్‌క్రీమ్ డబ్బా అంత అయస్కాంతం హుక్కులు రెండు కొని తెచ్చా, క్యాబిన్ గోడలు ఇనుపవే, తాడు కట్టి గదిలోనే ఆరేశాం. బై ది వే, చిన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ ఎవరైనా తీసుకెళ్లారా? అమ్మకి బఫే అన్నం ఎక్కలేదు.

సూర్యాపేట_టు_శాన్‌హోజే:
ఐస్‌క్రీమ్ డబ్బా అంత అయస్కాంతమా, క్రేన్ ఏమన్నా లేపుతున్నావా అన్నా.

శ్రీకాకుళం_శీను:
కుక్కర్ తీసుకెళ్లాం మేము. ఏం కాలేదు. పెట్టెలో బట్టల మధ్య పెట్టాను.

క్రూజ్_కింగ్_14:
దయచేసి ఇలాంటివి నేర్పించకండి. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, వేడి పుట్టించే ఏ సామానైనా నిషేధం. స్కానింగ్‌లో దొరికితే తీసి పక్కన పెట్టేస్తారు, దిగేటప్పుడు వెనక్కి ఇస్తారు. షిప్ మీద మంట అంటే మాటలా? నడిసముద్రంలో ఫైరింజన్ రాదు.

శ్రీకాకుళం_శీను:
14 క్రూజులు చేసినాయన ఎప్పుడూ బర్గరే తిన్నాడేమో. మా అమ్మకి షుగర్, రాత్రికి పెరుగన్నం తప్ప వేరే తినదు. వాళ్లిచ్చే అన్నం బాస్మతి, పలుకు పలుకు, పెరుగులో కలిసేది కాదు. మీరు వండి పెడతారా?

క్రూజ్_కింగ్_14:
మెయిన్ డైనింగ్ రూమ్‌లో మొదటి రోజే హెడ్ వెయిటర్‌తో ఇండియన్ వెజ్ కావాలి, అన్నం మెత్తగా కావాలి అని చెప్తే మర్నాటి నుంచి చేసి పెడతారు. కిచెన్‌లో మనవాళ్లు చాలామంది ఉంటారు. అడగడం చేతకాక కుక్కర్లు దాచుకుని తీసుకెళ్లి, రేపు దొరికితే తెలుగువాళ్లందరి పెట్టెలూ విప్పిస్తారు. మీలాంటి వాళ్ల వల్లే.

శ్రీకాకుళం_శీను:
మీలాంటి వాళ్లంటే? పేరు పెట్టి రాయండి.

గుంటూరు_ఘాటు:
అన్నలూ ఆగండి, అడిగింది నేను, తిట్లు మీరు పడుతున్నారు. కుక్కర్ తీసుకెళ్లను. ఆవకాయ?

ప్లేనో_పిన్ని:
ఇంట్లో పెట్టింది అయితే ఒప్పుకోరు. సీల్ తీయని కొన్న సీసా అయితే మాకు ఏమీ అనలేదు. షిప్‌లోనే ఉంచాలి, ఒడ్డుకి తిండి పట్టుకుపోకూడదు.

వైజాగ్_విజయ్:
మేము 2022లో వైజాగ్ నుంచి చెన్నైకి క్రూజ్‌లో వెళ్లాం. నలుగురం ఒకే గదిలో, ఇద్దరికి గోడలోంచి దిగే పై బెర్తులు, రైల్లో అప్పర్ బెర్త్‌లాగా. పై బెర్త్‌కి నిచ్చెన వేస్తే కింద నడవడానికి చోటు లేదు, ఒకరు బాత్‌రూమ్‌లో ఉంటే తప్ప ఇంకొకరు చొక్కా మార్చుకోలేరు. మూడు రోజులే కాబట్టి సరిపోయింది, ఏడు రోజులైతే కొట్టుకునేవాళ్లం. డబ్బులుంటే ఒక పెద్ద గదికంటే రెండు చిన్నవి మేలు. రెండు బాత్‌రూమ్‌లు ఉంటాయి చూడండి, అదే లగ్జరీ. బాబు గారికి అవి ఇప్పటికే ఉన్నాయి కదా, ఇంకా టెన్షన్ ఎందుకో నాకర్థం కాలేదు.

బెల్‌వ్యూ_బాబు:
ఇది బాగా చెప్పారు. పెద్దకొడుకు గారూ, మీరు రాసింది రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను. సారీ అండి.

అలాస్కా_రెండోసారి:
చలి గురించి అడిగారు, ఎవరూ చెప్పలేదు. ఆగస్టులో గ్లేసియర్ బే లాంటిచోట గాలి ఉంటుంది, జాకెట్, చెవులకి టోపీ ఉంటే గంట కూర్చోవచ్చు. ఆ నేషనల్ పార్కులోకి రోజుకి రెండు పెద్ద షిప్పులనే వదులుతారు, పార్క్ రేంజర్లు షిప్ ఎక్కి మైకులో చెప్తుంటారు. ఆ రోజొక్కటే బాల్కనీ విలువ తెలుస్తుంది, మిగతా ఆరు రోజులు వానా మబ్బూ. దారిలో ఆగే కెచికాన్ ఊళ్లో అయితే ఎండ కనిపిస్తే ఫోటో తీసుకోవాలి. స్కాగ్వే అనే ఇంకో ఊళ్లో 1900లో పూర్తయిన వైట్ పాస్ రైలు ఉంది, నాన్నగారు నడవలేకపోయినా హాయిగా కూర్చుని కొండలు చూడొచ్చు. నేనైతే 1,450లో కొంత దానికి పెడతాను. హెలికాప్టర్ మబ్బు పడితే క్యాన్సిల్, మాకు రెండుసార్లూ అదే జరిగింది.

H1_హరి:
అందరూ బాల్కనీ బాల్కనీ అంటున్నారు, పేరెంట్స్‌కి కెనడా వీసా ఉందా? షిప్ కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది కదా.

బెల్‌వ్యూ_బాబు:
అక్కడ దిగం, సాయంత్రం నాలుగు గంటలే ఆగేది.

H1_హరి:
దిగినా దిగకపోయినా సియాటిల్‌లో చెకిన్ దగ్గరే అడుగుతారు. మా ముందు ఒక జంటని పక్కన నిలబెట్టారు, వాళ్ల మొహాలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. డబ్బు వెనక్కి రాదు.

శ్రీకాకుళం_శీను:
అసలు అలాస్కా అమెరికాదే, సియాటిల్ అమెరికాదే, మధ్యలో కెనడా ఎందుకు దూరింది?

అలాస్కా_రెండోసారి:
1886 చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న షిప్ అమెరికాలో ఎక్కించుకుని తిరిగి అమెరికాలోనే దింపాలంటే మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగాలి. ఈ పెద్ద షిప్పులు బహామాస్ లాంటి దేశాల జెండాలతో తిరుగుతాయి, అందుకే విక్టోరియా. కోవిడ్‌లో కెనడా రేవులు మూసేస్తే 2021లో అలాస్కా కోసం ప్రత్యేకంగా చట్టం చేసి ఆ రూల్ తాత్కాలికంగా తీశారు. ఇప్పుడు మళ్లీ మామూలే.

శ్రీకాకుళం_శీను:
అంటే వాడి పేపర్ల కోసం మనం వీసా ఫీజు కట్టాలి. బాగుంది.

H1_హరి:
గ్రీన్ కార్డ్ ఉంటే అక్కర్లేదు, పాస్‌పోర్ట్, కార్డ్ చూపిస్తే చాలు. మనలాంటి ఇండియన్ పాస్‌పోర్ట్ H1 వాళ్లకీ, విజిటర్ పేరెంట్స్‌కీ కావాలి. వేలిముద్రలు హైదరాబాద్‌లో బయల్దేరేముందే ఇప్పించేయండి, 10 ఏళ్లు పనికొస్తాయి.

క్రూజ్_కింగ్_14:
ఇది నేనే చెప్పాల్సింది, మర్చిపోయాను. ఇంకో మాట. ఫైనల్ పేమెంట్ తేదీ దాటకముందు మీ కేటగిరీ ధర తగ్గితే ఫోన్ చేసి తగ్గించుకోవచ్చు, ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. మెయిల్‌లో వచ్చిన ఆఫర్‌కి తొందరపడి క్లిక్ చేయకండి, అదే గది మామూలు సైట్‌లో ఎంత ఉందో చూడండి. సూట్ రకాల్లో టిప్పులు కూడా మనిషికి రోజుకి కొంచెం ఎక్కువ పడతాయి, అది ఆ 1,450లో ఉండదు.

శ్రీకాకుళం_శీను:
ఇది మాత్రం ఒప్పుకుంటా. మంచి పాయింట్.

ప్లేనో_పిన్ని:
ఏ డెక్ అయినా, తలమీద ఏముందో చూసుకోండి. మా గది పైన బఫే. పొద్దున నాలుగున్నరకే కుర్చీలు ఈడ్చే చప్పుడు. మీ పైనా కిందా క్యాబిన్లే ఉండేలా తీసుకోవాలి. మీ అమ్మగారికి నిద్ర పట్టదన్నారుగా, అడుగుల కంటే ఇది ముఖ్యం.

బెల్‌వ్యూ_బాబు:
అప్‌డేట్. మినీ సూట్ వదిలేశాను. ఫోన్ చేసి అడిగితే అమ్మావాళ్ల గదిని 11వ డెక్ ముందు భాగం నుంచి 5వ డెక్ మధ్యకి, కిటికీ ఉన్న ఓషన్‌వ్యూకి మార్చారు, 310 డాలర్లు ఎక్కువ. మేము ఇన్‌సైడ్‌లోనే. రెండు గదులూ ఎదురెదురు కాదు ఇప్పుడు, పాప అప్పుడే "నేను నానమ్మ దగ్గర" అంటోంది. నాన్న "కిటికీ తెరుచుకుంటుందా" అని అడిగారు, తెరుచుకోదని చెప్తే "మరి 310 దేనికి" అన్నారు. కెనడా వీసాకి నిన్నే అప్లై చేశాను, హరి గారికి పెద్ద థాంక్స్.

సూర్యాపేట_టు_శాన్‌హోజే:
హెలికాప్టర్ సంగతి అక్క ఒప్పుకుందా?

బెల్‌వ్యూ_బాబు:
రైలుకి ఒప్పుకుంది. హెలికాప్టర్ గురించి ఇంట్లో మాట్లాడట్లేదు.

క్రూజ్_కింగ్_14:
ఓషన్‌వ్యూ అంటే అటు ఇటు కాని బేరం, అయినా మీ ఇష్టం.

అలాస్కా_రెండోసారి:
5వ డెక్ మధ్య అన్నారు. చాలా షిప్పుల్లో లైఫ్‌బోట్లు వేలాడేది ఆ దగ్గర్లోనే. డెక్ ప్లాన్ తెరిచి ఆ నంబర్ పక్కన "అబ్‌స్ట్రక్టెడ్" (కిటికీకి అడ్డం ఉంది) అని ఏమైనా రాసుందేమో చూశారా?

బెల్‌వ్యూ_బాబు:
అయ్యో. చూడలేదు. ఒక్క నిమిషం.