చిల్లులతో అక్షరాలున్న పాత స్టాంపులకు ధర ఎలా కట్టాలి?

ప్రశ్న: తాతగారి ఆల్బమ్‌లో ఐదో జార్జి ఒక అణా స్టాంపులు కొన్ని దొరికాయండి, వాటి మీద సన్న చిల్లులతో ఇంగ్లీషు అక్షరాలు గుచ్చి ఉన్నాయి. ఇవి పాడైపోయినవేనా, అమ్మితే ఏమన్నా వస్తుందా?

జవాబు 1: పాడైనవి కాదు, వీటిని పెర్ఫిన్లు అంటారు. ఆఫీసు స్టాంపులు ఎవరూ కొట్టేసి అమ్ముకోకుండా కంపెనీలు ఇలా గుచ్చించేవి. బ్రిటన్ తపాలా శాఖ 1868లో దీనికి ఒప్పుకుంది, గుచ్చే మెషీను కనిపెట్టింది జోసెఫ్ స్లోపర్ అనే ఆయన. మామూలువైతే చవకే, పెద్ద ఆశలొద్దు.

జవాబు 2: స్టాంపును తిరగేసి నల్ల కాగితం మీద పెట్టి చూడండి. చిల్లులన్నీ శుభ్రంగా తెగాయా, రెండు చిల్లుల మధ్య కాగితం చిరిగిందా అన్నదే ముఖ్యం. ఒక చిల్లు తక్కువైందని కంగారుపడొద్దు, మెషీనులో సూది విరిగినా అలాగే వస్తుంది. షీట్లు మడతపెట్టి గుచ్చేవాళ్లు కాబట్టి అక్షరాలు తిరగబడి ఉండటం కూడా వింతేం కాదు, దానికి ఎక్కువ రేటు చెప్పేవాళ్లను నమ్మకండి.

జవాబు 3: కవరు మీద అంటించినవి ఉంటే మాత్రం నీళ్లలో నానబెట్టి ఊడదీయకండి బాబూ! కవరు మీద కంపెనీ పేరుంటే ఆ అక్షరాలు ఎవరివో తేలిపోతుంది, విలువ పెరిగేది అక్కడే.

ప్రశ్న అడిగినవారు: రెండు కవర్లు ఉన్నాయండి, ఫొటోలు రేపు పెడతాను.