జీవిత ఖైదు, యావజ్జీవ శిక్ష: రెండూ ఒకటేనా?

హత్య కేసు మీద నడుస్తున్న ఒక సీరియల్‌లో జడ్జి తీర్పు చెబుతూ "ఇతనికి జీవిత ఖైదు చాలదు, యావజ్జీవ కారాగార శిక్ష విధిస్తున్నాను" అన్నారట. ఇవి రెండు వేర్వేరు శిక్షలా అని చిత్తూరు నుంచి ఒక అమ్మగారు మన గుంపులో అడిగారు. కింద వచ్చిన జవాబుల్లో "జీవిత ఖైదంటే పద్నాలుగేళ్లు, యావజ్జీవమంటే ప్రాణం పోయేదాకా" అన్నవే ఎక్కువ. అమ్మా, ఆ మాట నమ్మకండి. రెండూ ఒకే శిక్షకు రెండు పేర్లు.

ముందు మాట సంగతి చూద్దాం. యావత్ అంటే ఎంత ఉందో అంతా, మొత్తం. యావత్, జీవం కలిసినప్పుడు ముందున్న త్ పక్కనున్న జకారంలో కలిసిపోయి యావజ్జీవం అయింది. అదే త్ అచ్చు ముందు ద్ అయి యావదాస్తి, మకారం ముందు న్ అయి యావన్మంది. తిరుపతిలో దస్తావేజు లేఖరి వీలునామాలో "నా యావదాస్తి" అని రాస్తే, అందులో కొంత భాగమే ఇచ్చారని వారసులెవరూ అనుకోరు. యావజ్జీవం దగ్గర మాత్రం పద్నాలుగేళ్ల లెక్క ఎందుకు తెస్తాం?

ఇక జీవిత ఖైదు. జీవితం సంస్కృతం, ఖైదు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఇలాంటి జంటలను వైరి సమాసాలని పండితులు దూరం పెట్టినా, జనం నోట ఈ మాట చక్కగా నిలబడింది. పొట్టిది కనుక పత్రికల శీర్షికలకూ బాగా ఒదుగుతుంది. అర్థంలో మాత్రం యావజ్జీవం కంటే వీసమెత్తు తక్కువ కాదు.

మరి పద్నాలుగు ఎక్కడిది? 1978లో నేర విచారణ స్మృతిలో 433ఎ అనే సెక్షన్ చేర్చారు. ఉరిశిక్షకు కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడిన ఖైదీని, కనీసం 14 ఏళ్లు జైలులో గడపకుండా శిక్ష తగ్గించి విడుదల చేయకూడదని దాని సారాంశం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త స్మృతిలో అదే నియమం 475వ సెక్షన్‌గా ఉంది. అంటే పద్నాలుగేళ్లు శిక్ష కాదు. విడుదల గురించి ప్రభుత్వం ఆలోచించడానికి కనీస గడువు. అది దాటగానే తలుపు తీసి పంపించమని అడిగే హక్కు ఖైదీకి రాదు. యావజ్జీవమంటే మిగిలిన జీవితమంతా అని సుప్రీంకోర్టు 1961లోనే, గాంధీజీ హత్య కేసులో శిక్ష పడిన గోపాల్ వినాయక్ గాడ్సే వేసిన కేసులో చెప్పింది.

శిక్షాస్మృతికి 1955లో చేసిన సవరణకు ముందు ఈ శిక్షకు చట్టంలో ఉన్న పేరు వేరు. తెలుగులో దానిని ద్వీపాంతరవాసం అనేవారు, సముద్రం దాటించి అండమాన్‌కు పంపడం. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అక్కడి జైలులో మగ్గినవాడే. ఆ మాట ఇప్పుడు పాత కథల్లో తప్ప కనిపించదు. ఎంత భారమైన మాటో! పలుకుతుంటేనే దూరం తెలుస్తుంది.

"జైలులో పగలొక రోజు, రాత్రొక రోజు కదా, పద్నాలుగేళ్లంటే ఏడేళ్లే" అని ఒక సోదరుడు రాశారు. అలాంటి లెక్క ఏ చట్టంలోనూ లేదు. ఈ ఒక్క పుకారు మీద నాకు నిజంగా కోపం. కడప కేంద్ర కారాగారానికి కొడుకును చూడడానికి వెళ్లే తల్లి ఆ లెక్క నమ్ముకుని ఏడో ఏట వాకిట్లో ఎదురుచూస్తుంది. హతుడి ఇంటివాళ్లేమో, ఏడేళ్లకే వదిలేస్తారట అని ఏడుస్తారు. సీరియల్‌లో ఒక్క వాక్యం తప్పుగా రాస్తే అది రెండు వైపుల ఇళ్లలోనూ ఇలా పాతుకుపోతుంది.

"బతికున్నంత కాలం జైలే అని కొన్ని తీర్పుల్లో ప్రత్యేకంగా ఉంటుంది కదా" అని అడిగినవారికి: ఉంటుంది. కొన్ని నేరాలకు చట్టమే అలా అంటుంది. ఇన్నేళ్ల వరకు శిక్ష తగ్గింపు వర్తించదని హైకోర్టు, సుప్రీంకోర్టు కూడా చెప్పగలవు. మామూలు హత్య కేసులో సెషన్స్ జడ్జికి, అంటే కేసును మొదట విచారించే జడ్జికి, ఆ అధికారం లేదని 2015లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. హత్యకు ఆ జడ్జి ముందున్నవి రెండే: ఉరి, లేదా యావజ్జీవం. దానితోపాటు జరిమానా. కాబట్టి "జీవిత ఖైదు చాలదు" అన్న జడ్జి తరువాత చెప్పగలిగింది ఉరిశిక్ష ఒక్కటే.

సంభాషణలు రాసేవారు ఈ గుంపులో ఉన్నారని తెలుసు, అందుకే అడుగుతున్నాను. "ముద్దాయిని దోషిగా నిర్ధారించి యావజ్జీవ కారాగార శిక్ష, జరిమానా విధించడమైనది" అని రాయండి, చాలు. నటుడికి ఇంకొక్కటి చెప్పండి: చాలామంది "యావజీవ" అని తేల్చేస్తున్నారు. జకారం రెట్టించి, నొక్కి పలకాలి.